తెరమీది డాక్టరు వాట్సను

గత సంవత్సరము మా పాఠశాల పై తరగతుల బాలురు షెర్లాకు హోమ్సు కథ నొకదానిని చిన్న నాటకముగా కూర్చి వార్షికోత్సవమునందు ప్రదర్శింపదలచిరి. హోమ్సు వేషమునకు ఏడుగురు పేర్లిచ్చిరి. ఆయన మిత్రుడగు డాక్టరు వాట్సను వేషమునకు ఒక్కడును రాలేదు. కారణమేమని యడుగగా వారిలో నొకడు, "మాష్టరుగారూ, ఆ వేషములో నోరు తెరచి ఆశ్చర్యపడుట తప్ప మరేమి పని యున్నదండీ?" అనెను. అప్పటికి మేము నవ్వి యూరకుంటిమి. కాని ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. పుస్తకములలో మేమెరిగిన వాట్సను నోరు తెరచి నిలుచువాడు కాడు. మరి ఈ బాలుర కా యభిప్రాయ మెక్కడనుండి వచ్చెను? విచారింపగా అది పుస్తకములనుండి గాక చలనచిత్రములనుండి వచ్చినదని తోచెను. కావున ఆ వేషమును ధరించిన నటులలో ముఖ్యులైన కొందరిని పోల్చి చూచి, ఆ బాలునకు మేమప్పుడు చెప్పలేకపోయిన జవాబు నిచ్చట వ్రాయుచున్నాము.

ముందుగా పుస్తకములోని వాట్సనెవరో చూతము. సర్ ఆర్థర్ కోనన్ డోయిల్ 1887లో ప్రకటించిన మొదటి నవలయందే ఆయన పూర్వచరిత్ర గలదు. 1878లో లండను విశ్వవిద్యాలయమున వైద్యపట్టము పొంది, నెట్లీలో సైనికవైద్యుల శిక్షణ ముగించి, సేనలో చేరుటకై బొంబాయిలో దిగెను. అప్పటికే రెండవ ఆఫ్ఘను యుద్ధ మారంభమై ఆయన దళము కనుమలు దాటి పోయియుండెను. ఆయన వెంబడించి కాందహారులో దానిని కలిసికొనెను. 1880 జూలైలో జరిగిన మైవంద్ యుద్ధమున భుజమునకు తుపాకిగుండు తగిలి యెముక విరిగెను. మర్రే యను పరిచారకుడు ఆయనను బరువులు మోయు గుఱ్ఱముపై వేసి మన పక్షపు సేనను చేర్చకున్నచో ప్రాణము దక్కెడిది కాదు. పెషావరు ఆసుపత్రిలో కోలుకొనుచుండగా విషజ్వరము సోకి నెలల తరబడి మంచము పట్టెను. తుదకు దినమునకు పదకొండున్నర షిల్లింగుల భృతితో లండను చేరి, ఇంటి అద్దె పంచుకొను తోడుకై వెదకుచు హోమ్సును కలిసికొనెను. (రెండవ నవలలో ఆ గాయము భుజమునుండి కాలికి దిగినది! డోయిల్ దొరగారు మరచిరో, తగిలిన గుండ్లు రెండో, అభిమానులు నేటికిని వాదించుచునే యున్నారు.) ఇన్ని కష్టములు పడి, ఇంత చదివినవాడు మందమతి యగునా?

హోమ్సు కథలు మొత్తము అరువది. వానిలో నవలలు 4, కథలు 56. అందు నాలుగు తప్ప తక్కినవన్నియు వాట్సను చెప్పినట్లే వ్రాయబడినవి. హోమ్సు గొప్పవాడని మనకు చెప్పువాడు ఆయనయే. తాను పొరబడినచోటను దాచక చెప్పువాడును ఆయనయే. "బాస్కర్విల్ జాగిలము" అను నవల తొలి ప్రకరణమున, ఒక వైద్యుడు మరచిపోయిన చేతికఱ్ఱను చూచి వాట్సను చేసిన ఊహలు చాలమట్టుకు తప్పిపోయినవి. ఆ తప్పు మనకెట్లు తెలిసెను? ఆయన వ్రాసినందుననే గదా! తన తప్పులను తానే వ్రాసికొనువానిని తెలివితక్కువవాడని తలచుట చదువరికి మిక్కిలి సులభము.

ఇక తెరమీదికి వచ్చుసరికి, వాట్సను చేయు పనియంతయు కెమెరా లాగికొనుచున్నది. హోమ్సును మనము నేరుగా చూతుము. ఆయనను గూర్చి మనకు మరియొకరు చెప్పనక్కరలేదు. అప్పుడు వాట్సనునకు మిగులున దేమి? గదిలో నొకమూల నిలుచుండుట. అతనికేదైన పని కల్పింపవలెను. ప్రతి నటుడును, ప్రతి దర్శకుడును ఈ చిక్కునకే తమకు తోచిన జవాబు చెప్పిరి.

మూకచిత్రములలో మాటలే లేనందున చిక్కు మరింత పెద్దది. 1921 మొదలు 1923 వరకు ఇంగ్లండులో స్టోల్ కంపెనీవారు ఎయిల్ నార్‌వుడ్ హోమ్సుగా 47 చిత్రములు తీసిరి. వానిలో కడపటిది తప్ప అన్నిటను హ్యూబర్ట్ విల్లిస్ వాట్సనుగా నుండెను. ఇన్నిమారులు కనబడియు ఆయన పేరు నేడు తలచువారు అరుదు.

మన బాలుర మనస్సులలో నాటుకొనిన వాట్సను నిగెల్ బ్రూసు సృష్టి. 1939 మొదలు 1946 వరకు హాలీవుడ్డులో బేసిల్ రాత్‌బోన్ హోమ్సుగా పదునాలుగు చిత్రములు వచ్చెను. మొదటి రెండు ఫాక్స్ కంపెనీవారివి; వానిలో గుఱ్ఱపుబండ్లు, గ్యాసుదీపములు గల పాతకాలపు లండను కనబడును. తక్కిన పండ్రెండును యూనివర్సల్ కంపెనీవారు తమ కాలమునకు మార్చి తీసిరి. వానిలో హోమ్సు మోటారుకార్లలో తిరుగుచు నాజీ గూఢచారులనుగూడ పట్టును. బ్రూసు స్థూలకాయుడు. గొణుగును, తడబడును, అడుగడుగున ఉలికిపడును. ఇతనికి వైద్యపట్టమెవ్వరిచ్చిరా యని చూపరులకు సందేహము కలుగును. వయస్సున చూచినచో రాత్‌బోన్ 1892లోను బ్రూసు 1895లోను జన్మించిరి. మూడేండ్లు చిన్నవాడయ్యును బ్రూసు హోమ్సునకు పినతండ్రివలె కనబడును.

దీపపు వెలుగు బాగుగ తెలియుటకు గదిని మరింత చీకటి చేసినట్లు, హోమ్సు తెలివి ప్రకాశించుటకై వాట్సనును మూఢుని చేసిరి. ఇది సులువైన యుపాయము. సులువైనది గనుకనే చిరకాలము నిలిచినది. అయినను మేము బ్రూసును పూర్తిగ త్రోసివేయజాలము. చేతికఱ్ఱ ప్రకరణము వ్రాసిన డోయిలే ఈ హాస్యమునకు విత్తు నాటెను. మరియు హోమ్సున కపాయము కలిగినప్పుడు బ్రూసు ముఖమున కనబడు ఆందోళనము నటనయని తోచదు. చూచునప్పుడు మేమును నవ్వితిమి. కాని యొక సంగతి తెలిసినపిమ్మట మునుపటివలె నవ్వలేకపోతిమి. వాట్సనువలెనే బ్రూసును యుద్ధమున గాయపడినవాడు. మొదటి ప్రపంచయుద్ధమున 1915లో ఆయన కాలికి తీవ్రమైన గాయము తగిలెను. గాయపడిన సైనికుని మనస్సెట్టిదో స్వయముగా నెరిగినవానిచేత ఆ చిత్రములవారు గొణుగుడును తడబాటును మాత్రమే చేయించుకొనిరి.

వాట్సను వేషధారిని పరీక్షించుటకు "బాస్కర్విల్ జాగిలము"ను మించిన గీటురాయి లేదు. ఆ కథలో హోమ్సు తనకు లండనులో పనియున్నదని చెప్పి, సర్ హెన్రీకి రక్షకుడుగా వాట్సను నొక్కనినే డార్ట్‌మూరు బయలునకు పంపును. చాల ప్రకరణములవరకు హోమ్సు కనబడడు. వాట్సనే విచారించి, రాత్రులు మేలుకొని, చూచినదంతయు జాబులుగా వ్రాసి పంపుచుండును. ఒక వెన్నెలరాత్రి కొండశిఖరమున నెవరో మనుష్యుడు నిలిచియుండుట చూచి, వాడెవ్వడో తెలిసికొనుటకు పిమ్మట పిస్తోలుతో ఒంటరిగ రాతిగుడిసెలో కూర్చుండి కాచుకొనును. వచ్చినవాడు హోమ్సే! మొదట సంతోషము, వెంటనే, తన్ను నమ్మక వాడుకొనెనన్న నొప్పి, ఆ జాబులన్నియు హోమ్సు శ్రద్ధగా చదివినాడని తెలిసినమీదట ఆ నొప్పి చల్లారుట. ఇన్ని భావములు ఒకదాని వెంట నొకటి వచ్చుచున్నవి. నోరు తెరచి ఆశ్చర్యపడుట తప్ప పనిలేదన్న బాలుడు ఈ ప్రకరణము చదువలేదని మా నమ్మకము.

1939లోని చిత్రమున హోమ్సు కుంటు తిరుగువర్తకుని వేషమున వచ్చి వాట్సనును మోసపుచ్చును. బ్రూసు కోపగించును గాని ఆ కోపము బొమ్మ పోగొట్టుకొన్న శిశువు కోపమువలె మనకు నవ్వు పుట్టించును. అదియునుగాక, ఆ చిత్రమున నటుల పేర్లలో మొదటిది రాత్‌బోన్ పేరైనను కాదు. సర్ హెన్రీ వేషము ధరించిన రిచర్డ్ గ్రీన్ పేరు. ఇక వాట్సను నెవరు తలతురు?

ఇరువదియేండ్ల తరువాత, 1959లో, హ్యామర్ కంపెనీవా రదే కథను పీటర్ కుషింగ్ హోమ్సుగా రంగులలో తీసిరి. రంగులలో వచ్చిన మొదటి హోమ్సు చిత్ర మిదియే. ఇందు ఆండ్రీ మోరెల్ ధరించిన వాట్సను నిటారుగ నిలుచును, మితముగ మాటలాడును, నవ్వించుటకు ప్రయత్నింపడు. మన యింటిలో నెవరికైన జబ్బు చేసినచో ఈ వాట్సనుకు కబురంపవచ్చును. బ్రూసునకు కబురంపుటకు ఏ తల్లియు నొప్పుకొనదు. అయితే ఆ చిత్రము భయము పుట్టించుటకై తీసినది గాన, మోరెల్ మర్యాద దానిలో కొంత మరుగుపడినది.

రష్యావారి వాట్సనును మన దేశమున చూచినవారు తక్కువ. లెనిన్‌గ్రాడు నగరపు లెన్‌ఫిల్మ్ సంస్థవారు ఈగర్ మస్లెన్నికోవ్ దర్శకత్వమున 1979 మొదలు 1986 వరకు టెలివిజనుకై పదకొండు భాగములు తీసిరి. రీగా పట్టణమందలి యొక సన్నని వీధి బేకర్ వీధియైనది. వసీలి లివానోవ్ హోమ్సు, విటాలి సొలోమిన్ వాట్సను. మొదటి భాగమున వాట్సను తనతో కాపురమున్న యీ వింతమనుష్యుడు పరమ నేరస్థుడేమోయని యనుమానించి రహస్యముగ పరిశోధించును. ఎంత చమత్కారము! నవలలో వాట్సను హోమ్సునకు వచ్చిన విద్యలను, రాని విద్యలను పట్టీగా వ్రాసికొనిన చోటుగలదు. దానినే వీరు పెంచిరి. వాట్సనున కేమి పని కల్పింపవలెనన్న ప్రశ్నకు ఇంతకంటె చక్కని జవాబు మాకెక్కడను కనబడలేదు. హోమ్సు నేరములను పరిశోధించును, వాట్సను హోమ్సును పరిశోధించును. సొలోమిన్ నవ్వించును, కాని మనము నవ్వునది ఆయన తెలివితక్కువకు కాదు. ఆయన నిష్కపటమైన పట్టుదలకు.

ఆ చిత్రములో నొక విశేషము. వాట్సనును చూచినతోడనే ఆఫ్ఘనిస్థానమునుండి వచ్చితివని హోమ్సు గ్రహించుట లోకప్రసిద్ధము. కాని 1979 డిసెంబరులో సోవియట్ సేనలు ఆ దేశమున ప్రవేశించెను. మరుసటి సంవత్సరము ప్రసారమైన ఆ చిత్రమున హోమ్సు దేశము పేరెత్తక తూర్పు అని మాత్రమే యనును. లివానోవ్‌కు 2006లో బ్రిటిషు ప్రభుత్వము గౌరవపట్ట మొసగెను. సొలోమిన్ 2002లోనే మరణించెను.

ఇంగ్లండులో గ్రనాడా టెలివిజనువారు 1984 మొదలు 1994 వరకు జెరెమీ బ్రెట్ హోమ్సుగా 41 భాగములు ప్రసారము చేసిరి. ఇందు వాట్సనులిద్దరు. మొదటి పదమూడు భాగములలో డేవిడ్ బర్క్ ఉల్లాసవంతుడైన మిత్రుడుగా కనబడును. హోమ్సు అహంకారమునకు ఈయన చిరునవ్వే మందు. 1985లో హోమ్సు రైఖెన్‌బాక్ జలపాతమున పడి మరణించెనని నమ్మి దుఃఖించినది బర్క్. అంతట ఆయన తన కుటుంబమునకు దగ్గరగా నుండగోరి ఆ వేషమును విడిచెను. 1986లో హోమ్సు తిరిగివచ్చు కథ మొదలైనప్పుడు ఆ స్థానమున ఎడ్వర్డ్ హార్డ్‌విక్ ఉండెను. అనగా ఒకడు విలపించిన విలాపమునకు మరియొకడు ఊరట పొందవలసివచ్చెను! కథ ప్రకారము, చనిపోయెననుకొన్న మిత్రుడు ముసలి పుస్తకముల వర్తకుని వేషముతో వచ్చి వేషము విప్పగా వాట్సను మూర్ఛిల్లవలెను. కొత్తగా చేరిన నటునికి మొదటి పరీక్షయే ఇది. హార్డ్‌విక్ దానిలో నెగ్గెను.

హార్డ్‌విక్ గొప్పతనము మాటలాడునప్పటికంటె వినునప్పుడు తెలియును. హోమ్సు గదిలో తిరుగుచు మాటలు ప్రవాహముగ వదలుచుండగా ఈయన కదలక కూర్చుండి వినును. అర్థమైనప్పుడు కన్నులు మారును. కానప్పుడు సిగ్గుపడక అడుగును. మా తరగతిలో నలుబదిమంది కూర్చుందురు. తెలియలేదని లేచి యడుగువాడు ఒక్కడున్నచో తక్కిన ముప్పదితొమ్మండుగురికిని ఆ పాఠము వచ్చును; ఆ యొక్కనిని చూచి వారందరు నవ్వుదురు. హార్డ్‌విక్‌ను చూచినప్పుడెల్ల మాకా బాలుడు గుర్తుకు వచ్చును. 1988లో వీరు తీసిన "జాగిలము" చిత్రమును తల్లిదండ్రులు తమ బిడ్డలతో కూర్చుండి చూడవచ్చును.

బి.బి.సి. వారు 2010 మొదలు 2017 వరకు పదమూడు భాగములుగా నిచ్చిన కథ నేటి లండనులో జరుగును. ఇందలి వాట్సనగు మార్టిన్ ఫ్రీమన్ మరల ఆఫ్ఘను యుద్ధమునుండియే తిరిగివచ్చును. నూట ముప్పదియేండ్లు గడచినను రచయితలు ఆ దేశము పేరు మార్చ నవసరము లేకపోవుట విచారింపదగిన విషయము. ఆయన కుంటుచుండును, ఆ కుంటు కాలిలో లేదు, మనస్సులో నున్నది. హోమ్సు వెంట పరుగెత్తిన రాత్రి చేతికఱ్ఱను ఫలహారశాలలో మరచిపోవును. డోయిల్ మరచిన గాయపు చిక్కు ఈవిధముగ విడిపోయినది. వీరి 2012 నాటి జాగిలము కథలో, చక్కెరలో మత్తుమందున్నదని యనుమానించిన హోమ్సు మిత్రునికి తెలియనీయక దానిని కాఫీలో కలిపి యిచ్చి, ప్రయోగశాలలో నుంచి తలుపువేసి, ఆయన భయమును పరీక్షించును. నమ్మక వాడుకొనుట యన్న పాత నొప్పి యిందు మరింత పదునెక్కినది. ఫ్రీమన్‌కు 2011లో బ్రిటిషు అకాడమీ బహుమానము వచ్చెను.

తక్కినవారిని పేర్కొని విడుతుము. జూడ్ లా 2009, 2011 సంవత్సరముల చిత్రములలో చురుకైన పోట్లాటగాడు. 2012 మొదలు 2019 వరకు అమెరికాలో వచ్చిన 154 భాగములలో లూసీ లియూ అను నటి వాట్సను వేషము ధరించెను. శస్త్రవైద్యము మానిన యీ జోన్ వాట్సను క్రమముగ తానే పరిశోధకురాలగును. 1988లోని యొక హాస్యచిత్రమున బెన్ కింగ్స్‌లీ వాట్సనే అసలు మేధావి. హోమ్సు ఆయన కూలికి తెచ్చుకొన్న త్రాగుబోతు నటుడు. బ్రూసునకు జరిగిన అన్యాయమునకు ఇది తగిన ప్రతీకారమని మేము మిక్కిలి సంతోషించితిమి.

జెరెమీ బ్రెట్‌ను గూర్చి చెప్పవలసిన దింకొకటి గలదు. హోమ్సు వేషమున ఆయనను మించినవారు లేరని పలువురందురు. ఆ వేషము ధరించుటకు నాలుగేండ్లు ముందు, 1980లో, ఆయన లాస్ ఏంజిలీసు నగరమున నొక నాటకమున నటించెను. అందు హోమ్సు వేషము చార్ల్‌టన్ హెస్టన్‌ది. బ్రెట్ ధరించినది డాక్టరు వాట్సను వేషము. మొన్న పేర్లిచ్చిన ఆ ఏడుగురు బాలురకు ఈ సంగతి తెలియజేయుచున్నాము.