మూసీ వెంట, కృష్ణ దాకా: నేరేడుచర్ల మకాంగా వారం రోజులు

ఇంగ్లండులోని సాలిస్‌బరీ పెద్ద చర్చికి 1220లో పునాది వేశారు. అంతకు పన్నెండేళ్ల ముందే, 1208లో, సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రిలో ఎరకేశ్వరాలయం లేచింది. కట్టించింది కాకతీయుల సామంతుడు రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ. సాలిస్‌బరీకి పోయినవాళ్లు వారం రోజులు అక్కడే దిగుతారు. చర్చి చూస్తారు, ఏటి వెంట పచ్చికల్లో నడుస్తారు, సాయంత్రానికి ఊళ్లోకొచ్చి టీ తాగుతారు. మనవాళ్లు ఆ ఫొటోలు పంపిస్తే మనమూ ముచ్చటపడతాం. పిల్లలమర్రిని మాత్రం విజయవాడ హైవే మీద పోతూ పోతూ అరగంటలో ముగిస్తాం, అదీ కారు ఆపితే.

ఈ ప్రాంతానికీ వారం ఇవ్వొచ్చు. కాకపోతే ఇక్కడ గుళ్లన్నీ ఒక్క ఊళ్లో లేవు. మూసీ గట్టునా, కృష్ణ ఒడ్డునా చెదిరి ఉన్నాయి. వాటి మధ్యలో మకాం పెట్టాలంటే నేరేడుచర్ల అనువైన చోటు. మిర్యాలగూడ, కోదాడ రోడ్డు మీదుంది, బస్సులకు కొదవ లేదు.

ఊరు చూడ్డానికి ఏముందని అడగొద్దు. తెల్లారగట్ల కాల్వ కట్ట మీద నడిస్తే తెలుస్తుంది. 1967లో నాగార్జునసాగర్ కాల్వలకు నీళ్లు వదిలాక ఎడమ కాల్వ కింద మెట్ట పొలాలు మాగాణి అయ్యాయి. వడ్లు పండాయి, వాటి వెనకే రైస్‌మిల్లులొచ్చాయి. జనవరిలో యాసంగి నాట్లప్పుడు వస్తే ఒక పక్క బురద మడిలో వంగి నాట్లేసే కూలీలు, ఇంకో పక్క తవుడు వాసన. టీకొట్టు దగ్గర మాటలన్నీ ఈ తడికి నీళ్లు ఎన్ని రోజులిస్తారనే.

మిర్యాలగూడ వైపు బయల్దేరితే చిల్లేపల్లి దగ్గర మూసీ వంతెన వస్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ మురికినంతా మోసుకొచ్చిన నది ఇదేనా అనిపిస్తుంది. కాసేపు దిగి చూడాల్సిందే. ఇదే నీరు వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది.

వాడపల్లికి ఒక పూట చాలదు. ఇక్కడి అగస్త్యేశ్వరుడి లింగం పైభాగాన చిన్న గుంట ఉంటుంది, అందులో నీళ్లు ఎప్పుడూ తడారవు. బోయవాడు తరిమిన పావురం లింగం చాటున దాక్కుందట. దాని బదులు తన తల మాంసమే తీసుకొమ్మన్నాడట శివుడు. ఆ గాయం కడగడానికి గంగ వచ్చిందని కథ. గుంట చుట్టూ వేలి గుర్తులు కూడా చూపిస్తారు. ఇక్కడే ఉన్న లక్ష్మీనరసింహస్వామి సన్నిధిలో రెండు దీపాలు గమనించండి. పాదాల దగ్గరిది నిశ్చలంగా వెలుగుతుంది, ముఖం ఎత్తున ఉన్నది మాత్రం రెపరెపలాడుతుంది. స్వామి ఊపిరి అంటారు. గర్భగుడిలో గాలి ఎటు తిరుగుతోందో అని లెక్కలు వేసే కంటే, ఆ దీపం ముందు ఐదు నిమిషాలు మాట్లాడకుండా నిలబడ్డం మేలని నాకనిపిస్తుంది. వాడపల్లికి దగ్గర్లోనే, దామరచర్ల వద్ద 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం కట్టారు. పుణ్యం, కరెంటు ఒకే రోడ్డున దొరికే చోటు ఇది.

ఇక జాన్‌పహాడ్. పాలకీడు మండలంలోని ఈ సైదులు దర్గాకు జనవరిలో ఉర్సు. గంధం ఊరేగింపు నాడు రోడ్డు మీద కాలు పెట్టే సందుండదు. తండాల నుంచి లంబాడీలు, పల్లెల నుంచి రైతులు, పట్నాల నుంచి ముస్లింలు కుటుంబాలతో దిగి, చెట్ల కింద పొయ్యిలు పెట్టి కందూరు చేస్తారు. మొక్కు యాటపోతు కూర అక్కడే వండి, పక్కనున్న ముక్కూ మొహం తెలియనివాళ్లకూ విస్తరేస్తారు. తినకుండా లేస్తే ఒప్పుకోరు.

మట్టపల్లిలో కృష్ణ వేరేలా కనిపిస్తుంది. గుహలో వెలసిన నరసింహుడి గుడి ఇది. దిగువన ఉన్న పులిచింతల ప్రాజెక్టు 45.77 టీఎంసీల నీటిని నిలపగలదు. అది నిండితే ఆ నీరు ఇక్కడిదాకా వెనక్కి తన్నుతుంది, అందుకే గుడికి కరకట్ట కట్టారు. ఆ కట్ట మీద నిలబడితే ఎదురుగా పల్నాడు, తంగెడ. ప్రదక్షిణలు చేసేవాళ్లు చేస్తుంటారు, పంపులు నడిపేవాళ్లు నీటిమట్టం చూస్తుంటారు.

మూసీ గట్టునున్న నాగులపహాడ్ గుళ్లకు ఒక పొద్దుటి పూట సరిపోతుంది. పిల్లలమర్రికి మాత్రం మళ్లీ వెళ్లాల్సిందే, ఈసారి కారు ఆపి. అదే రేచర్ల వంశపు నామిరెడ్డి అక్కడ కట్టించిన నామేశ్వరాలయంలో స్తంభాలను వేలి కణుపుతో మెల్లగా తట్టండి, ఒక్కోటి ఒక్కో తీరున మోగుతుంది. నల్లరాయిని ఎంత నునుపు చేశారంటే పక్కకు వంగి చూస్తే మనిషి నీడ కదులుతుంది. గొలుసుల చెక్కడాల్లోకి పుల్ల దూర్చి చూడండి, వెనక నుంచి బయటికొస్తుంది. సాలిస్‌బరీ శిఖరం 123 మీటర్లు, తలెత్తి చూడాలి. ఇక్కడ వంగి చూడాలి.

ఫణిగిరి ఈ దారికి బాగా ఎడమే, అయినా వదలొద్దు. అక్కడ తవ్వకాల్లో దొరికిన బౌద్ధ తోరణం 2023లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లొచ్చింది. కొండ ఎక్కితే స్తూపం, విహారాల ఇటుక గోడలు. అంతా చూశాక ఎండలో దిగాలి, నీళ్ల సీసా మరవొద్దు.

వేసవిలో ఈ పర్యటన పెట్టుకోవద్దు, రాళ్లు కాలతాయి. శివరాత్రికి రాగలిగితే మేళ్లచెరువు చేర్చుకోండి. అక్కడి శంభులింగేశ్వరుడి లింగం మీదా వాడపల్లిలో లాగే నీళ్ల గుంట ఉంది, జాతరలో ఎడ్ల బండలాగుడు పోటీలుంటాయి. ఆ రోజుల్లో చుట్టుపక్కల గది దొరకడం కష్టం. నేరేడుచర్లలోనో హుజూర్‌నగర్‌లోనో ముందే మాట్లాడుకోవాలి.