పనిచేసే కోడ్, నిలిచే కోడ్

ప్రోగ్రామర్లు అయిష్టంగా చేసే పనుల్లో మొదట చెప్పుకోవలసింది డాక్యుమెంటేషన్, అంటే తాము రాసిన కోడ్ ఏం చేస్తుందో, దాన్ని ఆ విధంగానే ఎందుకు రాయవలసి వచ్చిందో, ఏ పరిస్థితుల్లో అది తప్పుతుందో తరువాతివారి కోసం రాసిపెట్టడం. లోపాలను ముందే పట్టుకునే పరీక్షలు, ఒకరి కోడ్‌ను మరొకరు చదివి చూసే సమీక్ష, ప్రతి మార్పునూ తేదీతో సహా భద్రపరచడం కూడా ఈ కోవలోవే. సాఫ్ట్‌వేర్ విశ్వసనీయత, అంటే ఎన్నాళ్లయినా నమ్మి వాడుకోగలగడం, వీటి మీదే ఆధారపడి ఉంటుంది. అయినా చాలా కార్యాలయాల్లో ఇవి అసలు పని ముగిశాక, సమయం మిగిలితే చేసే పనులుగానే మిగిలిపోతున్నాయి.

ఈ ధోరణి కోయంబత్తూరు లాంటి ఊళ్లో మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తరతరాలుగా తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఈ ప్రాంతంలో నూలు మిల్లులు, పంపులు, మోటార్ల పరిశ్రమలు వేళ్లూనుకున్నాయి. తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు 1937లో ఇక్కడే విద్యుత్ మోటారును తయారు చేశారు, పీలమేడులో పి.ఎస్.జి. సాంకేతిక కళాశాల 1951లో మొదలైంది. ఈ పరిశ్రమల్లో లేత్ మీద షాఫ్ట్ తిప్పే కార్మికుడి ముందు డ్రాయింగ్ ఉంటుంది. మందం 25 మిల్లీమీటర్లు అయితే, అటూ ఇటూ ఎంత తేడా వరకు చెల్లుతుందో కూడా దాని మీదే రాసి ఉంటుంది. డ్రాయింగ్ లేకపోతే పని ఆగిపోతుంది. అదే పీలమేడులో ఇప్పుడు టైడల్ పార్క్ ఉంది, అందులో సాఫ్ట్‌వేర్ కార్యాలయాలున్నాయి. కాని కోడ్‌కు ఏ వివరణా లేకపోయినా యంత్రం దాన్ని నడిపేస్తుంది కాబట్టి, ఆ లోటు రాసిన రోజున ఎవరికీ తెలియదు.

ఒక ఉదాహరణ చూస్తే విషయం స్పష్టమవుతుంది. నూలు మిల్లులో గాలి తేమను అదుపు చేసే ప్రోగ్రామ్‌లో, తేమ 55 శాతం కంటే తగ్గితే నీటి తుంపరను ప్రారంభించమనే ఆదేశం ఉందనుకుందాం. దాని పక్కన కామెంట్‌గా, అంటే యంత్రం పట్టించుకోకుండా మనుషులు మాత్రమే చదివే వాక్యంగా, తేమ 55 కంటే తగ్గితే తుంపర మొదలవుతుందని రాస్తే ఉపయోగం లేదు, ఆ సంగతి కోడే చెబుతోంది. గాలి పొడిబారితే నూలు తెగుతుందని, 55 అన్నది ఈ విభాగంలో ఈ రకం నూలుకు కొలిచి నిర్ణయించినదని, నూలు రకం మారితే మళ్లీ కొలవాలని రాస్తే, ఐదేళ్ల తరువాత ఆ అంకెను మార్చబోయే మనిషి చేయి ఒక్క క్షణం ఆగుతుంది. కోడ్‌లో లేనిది కారణం, రాయవలసిందీ కారణమే.

రాయడానికి ఇష్టపడని ప్రోగ్రామర్ల వాదనలో కూడా నిజం లేకపోలేదు. కోడ్ మారినప్పుడల్లా పత్రాలు మారవు, మారని పత్రం తప్పుదారి పట్టిస్తుంది. గడువు దగ్గరపడినప్పుడు యాజమాన్యం అడిగేది పనిచేసే ప్రోగ్రామ్‌నే. 2001లో వెలువడిన అజైల్ ప్రకటన, అంటే చిన్నచిన్న విడతలుగా పని చేయాలనే పద్ధతికి పునాది వేసిన పత్రం, విస్తారమైన పత్రాల కంటే పనిచేసే సాఫ్ట్‌వేర్‌కే ఎక్కువ విలువ ఇచ్చింది. అయితే పత్రాలకు విలువ లేదని అది అనలేదు, ఆ తేడాను మరిచినవారే ఎక్కువ.

రాసిపెట్టినా దొరకని కారణం ఎంత నష్టం తెస్తుందో ఏరియన్ 5 రాకెట్ చూపించింది. 1996 జూన్ 4న, ఇంజిన్ మండిన 40 సెకన్లలోపే అది దారి తప్పి ధ్వంసమైంది. ఒక పెద్ద సంఖ్యను దానికి చాలని చోట ఇమడ్చబోయి దిశానిర్దేశక ప్రోగ్రామ్ ఆగిపోయింది. ఆ సంఖ్య హద్దు దాటదన్న నమ్మకం పాత ఏరియన్ 4 విషయంలో సరైనదే. కాని ఆ నిర్ణయానికి ఆధారం కోడ్‌లో కనిపించలేదని, పత్రాల రాశిలో మరుగున పడిపోయిందని విచారణ సంఘం తేల్చింది. అంతకుముందు 1985–87 మధ్య థెరాక్ 25 అనే క్యాన్సర్ చికిత్స యంత్రం ఆరుగురికి మోతాదుకు ఎన్నో రెట్లు మించిన రేడియేషన్ ఇచ్చింది. తెర మీద 'మాల్‌ఫంక్షన్ 54' అని కనిపించినా, దాని అర్థమేమిటో ఆపరేటర్ల పుస్తకం వివరించలేదు. అలాంటి సందేశాలు తరచూ కనిపించడం మామూలైపోయిన సిబ్బంది మీట నొక్కి చికిత్సను కొనసాగించారు.

అయితే అంతా కాగితం మీద పెడితే చాలునా? డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్ నౌర్ 1985లో చాలదన్నారు. ప్రోగ్రామ్ సారం దాన్ని కట్టినవారి మనసుల్లోని అవగాహనేనని, ఆ బృందం చెదిరిపోతే కోడ్ ఉన్నా ప్రోగ్రామ్ చచ్చినట్టేనని ఆయన వాదించారు. కోయంబత్తూరు, మదురై ప్రాంతాల తెలుగు ఇళ్లు ఈ వాదనకు బలమిస్తాయి. చదువంతా తమిళంలో సాగి, తెలుగు లిపి రాని కుటుంబాల్లో కూడా తెలుగు తరాల పాటు నోటి మాటగానే నిలిచింది, ఎందుకంటే అవ్వా మనవరాలూ ఒకే ఇంట్లో రోజూ మాట్లాడుకున్నారు. సాఫ్ట్‌వేర్ బృందాలకు ఆ కలయిక దొరకదు. రాసినవారు వెళ్లిపోయాక వచ్చినవారు వారి ముఖమైనా చూసి ఉండరు. కలిసి గడిపే కాలం తగ్గిన కొద్దీ రాతపై భారం పెరుగుతుంది.

రాతనూ శిక్షణనూ జోడించిన సంస్థ మదురైలోనే ఉంది. డాక్టర్ జి. వెంకటస్వామి 1976లో 11 పడకలతో ప్రారంభించిన అరవింద్ కంటి ఆసుపత్రి, శుక్లాల శస్త్రచికిత్సలో ఎవరు ఏ దశలో ఏం చేయాలో స్థిరపరిచి, సిబ్బందికి తానే శిక్షణ ఇచ్చి, ఆ పద్ధతిని ఇతర ఆసుపత్రులకూ నేర్పింది. మధుమేహం వల్ల కంటి రెటీనాకు కలిగే దెబ్బను ఫోటో చూసి గుర్తించే గూగుల్ ప్రోగ్రామ్ తయారీకి అరవింద్ చిత్రాలు కూడా తోడ్పడ్డాయి. 2016లో ప్రకటించిన ఆ పరిశోధనలో శిక్షణకు వాడిన 1,28,175 చిత్రాల్లో ఒక్కొక్కదాన్ని వైద్యులు మూడు నుంచి ఏడు సార్లు పరిశీలించారు. ఒకే చిత్రంపై వైద్యుల మధ్య భేదాభిప్రాయాలు వస్తాయి కాబట్టి, ఆ తీర్పుల నమోదు లేకుండా ప్రోగ్రామ్‌ను నమ్మడానికి ఆధారమే ఉండదు.

దీన్నిబట్టి చేయవలసినవి స్పష్టంగానే ఉన్నాయి: కారణాన్ని కోడ్ పక్కనే, మార్పు చేసిన రోజునే రాయాలి, కారణం లేని మార్పును సమీక్షకులు తిప్పి పంపాలి, కొత్తగా చేరినవారు పత్రాన్ని చూసి పని చేస్తూ, అది తప్పిన చోటల్లా దిద్దాలి, వెళ్లేవారూ వచ్చేవారూ కొన్నాళ్లు కలిసి పని చేసేలా సంస్థలు చూడాలి. వీటికి వెచ్చించే సమయాన్ని గడువులో లెక్కగట్టి, జీతాల పెంపులో గుర్తించినప్పుడే ప్రోగ్రామర్ల ధోరణి మారుతుంది. ఆ బాధ్యతను వారి మంచితనానికి వదిలేసే సంస్థకు, తన సాఫ్ట్‌వేర్ నమ్మదగినదని చెప్పుకునే అర్హత లేదు.