బొగ్గుబావి గడప వద్ద ఎన్నికల చందా

2018 డిసెంబరు 7వ తేదీన తెలంగాణ శాసనసభకు ఎన్నికలు జరిగినవి. 11వ తేదీన లెక్కింపు ముగియునప్పటికి ధర్మపురి నియోజకవర్గమున కొప్పుల ఈశ్వర్‌కు ప్రత్యర్థి అడ్లూరి లక్ష్మణ్‌కుమార్ కంటె అధికముగా వచ్చిన ఓట్లు 441 మాత్రమే. గెలిచినవారు పూర్వము సింగరేణిలో ఉద్యోగము చేసినవారు. ధర్మపురి, రామగుండము రెండును పెద్దపల్లి లోక్‌సభ స్థానము క్రిందివే. ఇంత స్వల్పమైన తేడాతో జయాపజయములు తేలుచోట, తుదివారము ఒక జీపు అదనముగా తిరిగినను, పది పల్లెలకు కరపత్రములు అందకపోయినను ఫలితము తారుమారగునని కార్యకర్తలు తలంతురు. కావున ఓటుకు ముందే చందా అడుగవలసి వచ్చును.

గోదావరిఖనిలో చందాకై బయలుదేరినవారికి మొదట కనబడు ధనవంతుడు సింగరేణి సంస్థయే. 1920లో కంపెనీగా ఏర్పడిన ఈ సంస్థలో నేడు రాష్ట్రమునకు 51, కేంద్రమునకు 49 శాతము వాటా కలదు. అయినను దాని బొక్కసమునుండి ఏ పార్టీకిని ఒక్క రూపాయి పోరాదు. ప్రభుత్వ కంపెనీలు రాజకీయ పక్షములకు విరాళ మొసగరాదని 2013 నాటి కంపెనీల చట్టము 182వ సెక్షను శాసించుచున్నది. న్యాయమే గదా! అధికారము ఎవరి చేతిలో నున్నను ఆ ధనము ప్రజలందరిది.

సంస్థ ఇయ్యరానిది కార్మికుడు తన జీతమునుండి ఇయ్యవచ్చును. ఉదయపు షిఫ్టువారు బావి గడపకు చేరు వేళ గేటు మీటింగు పెట్టుట ఈ ప్రాంతమున పాత ఆచారము. 2018, 2023 ఎన్నికలు రెండును దసరా, దీపావళి దాటిన పిమ్మటనే జరిగినవి. గనులలో లాభముల వాటా, బోనసు చేతికి వచ్చు ఋతువది. రసీదు పుస్తకము బయటికి తీయుటకు అంతకన్న అనువైన కాల మేది?

పెద్ద పార్టీల అండ లేనివారిని గెలిపించిన చరిత్రయు రామగుండమునకు కలదు. 2009లో సోమారపు సత్యనారాయణ స్వతంత్రుడుగా నెగ్గిరి. 2018లో కోరుకంటి చందర్ ఫార్వర్డ్ బ్లాక్ అభ్యర్థిగా నెగ్గి, పిదప తెలంగాణ రాష్ట్ర సమితిలో చేరిరి. బొగ్గుగనులకు పుట్టినిల్లయిన ఇల్లెందులో గుమ్మడి నర్సయ్య ఐదు పర్యాయములు శాసనసభ్యులై, నిరాడంబర జీవనమునకు పేరుపడిరి.

సొమ్మెంత కావలెను? ఒక అభ్యర్థి వ్యయపరిమితి 2018లో 28 లక్షలు; 2022 నుండి 40 లక్షలు. సింగరేణి ఉద్యోగులు సుమారు 40 వేలమంది. వీరు పలు జిల్లాలవారు, పలు పక్షములవారు. అయినను లెక్కకై చెప్పుకొందము: తలకు నూరు రూపాయ లిచ్చినచో ఆ 40 లక్షలును సమకూడును! ఎన్నికకై అభ్యర్థి ప్రత్యేకముగా బ్యాంకు ఖాతా తెరువవలెను. ఫలితము వెలువడిన 30 దినములలో లెక్క ఒప్పగింపవలెను. పార్టీ స్వయముగా చేయు వ్యయమునకు మాత్రము హద్దు లేదు. చిన్న చందాలతో నిలిచినవానికి చిక్కంతయు అక్కడనే.

2018లో వచ్చిన ఎన్నికల బాండ్లు ఆ చిక్కును మరింత బిగించినవి. కోట్లు ఇచ్చినవారి పేరు ప్రజలకు తెలియకుండెను. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకమును కొట్టివేసినది. ఓటరునకు తెలిసికొను హక్కు కలదని తేల్చినది. బావి గడప వద్ద నూరు రూపాయ లిచ్చినవాని పేరు మాత్రము రసీదు పుస్తకమున అందరి యెదుట వ్రాయబడును.

ఇందులోను ఒక ముల్లు కలదు. క్వార్టరు కొరకో, బదిలీ కొరకో సంఘనాయకుని ఆశ్రయింపవలసిన కార్మికుడు అదే నాయకుడు చేయి చాచినపుడు కాదనగలడా? ఇష్టముతో నిచ్చినది చందా. మొగమాటముతో నిచ్చినది పన్ను. చందా అడుగువారు మొదట "లేదు" అను మాటను సహింపనేర్వవలెను. పిదప, గెలిచినను ఓడినను, తెచ్చిన సొమ్మునకు లెక్క చెప్పుటకు అదే గడపకు తిరిగి రావలెను.

441 ఓట్లతో ఒక శాసనసభ్యుడు తేలిన సీమ యిది. ఇచట ఒక ఓటును తేలికగా చూడువారు లేరు. రసీదుమీది నూరు రూపాయలకును ఆ పాటి గౌరవము దక్కుట ధర్మము.