తెల్లకణముల లెక్క

యాగంటి బసవన్న ఏటేట పెరుగుచున్నాడని విన్నచో భక్తులు చేతులు జోడింతురు. కాని ఆ యాత్ర ముగించుకొని నంద్యాలకు పోయి రక్తపరీక్ష చేయించుకొన్నవారి కాగితముమీద ఒక అంకె పెరిగి కనబడినచో ఇంటిల్లిపాదికి నిద్ర పట్టదు. ఆ అంకె యేమి చెప్పుచున్నదో తెలిసికొనకయే దిగులుపడువారు పెక్కుమంది.

పెద్దవారి రక్తమున ఒక ఘనపు మిల్లీమీటరునకు తెల్లకణములు సాధారణముగా 4,000 మొదలు 11,000 వరకు ఉండును. వీనిలో అయిదు తెగలు కలవు. సగమునకు పైబడి సామాన్యముగా న్యూట్రోఫిలులే. సూక్ష్మజీవులపై ముందుగా దూకునవి ఇవి. పుండులోని చీము చాలవరకు వీని కళేబరములే. తరువాతివి లింఫోసైటులు, నూటికి 20 మొదలు 40. మోనోసైటులు కొలది, బేసోఫిలులు మరియు స్వల్పము. ఇక ఇయోసినోఫిలులు నూటికి ఆరింటిని మించుట అరుదు. కడుపులో పురుగులున్నను, ఎలర్జీ యున్నను ఇవి పెరుగును.

చిక్కంతయు ఈ నూటి లెక్కలోనే యున్నది. మొత్తము కణములు 4,000 ఉన్నవానికి ఇయోసినోఫిలులు 10 శాతమైనచో అవి 400 మాత్రమే. 500 లోపు గనుక భయము లేదు. మొత్తము 10,000 ఉన్నవానికి 8 శాతమే యైనను 800 అగును. వైద్యుడు ఆలోచింపవలసినది ఈ రెండవ కాగితమును గూర్చియే. లెక్కల మాస్టార్లు తరగతిలో వేయింపదగిన లెక్క ఇది.

ఈ కణముల చరిత్రలో ఒక తెలుగువాని పేరు రెండు మారులు వచ్చును. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమునకు నాయకుడై యుండగా 1947లో హెట్రజాన్ వెలువడినది. అది బోదకాలు పురుగునకు మందు. గోదావరి సీమవారికి ఆ వ్యాధి క్రొత్తది గాదు. ఆ పురుగు మూలముననే కొందరికి రాత్రులు దగ్గు, ఆయాసము వచ్చి ఇయోసినోఫిలులు 3,000 దాటును. దానికిని ఇదియే ఔషధము.

రెండవది మరింత కఠినమైన కథ. సుబ్బారావు సోదరులను స్ప్రూ వ్యాధి బలిగొన్నది. ఆ వ్యాధికి ఉపకరించు ఫోలిక్ ఆమ్లమును 1945లో ఆయన బృందమే కృత్రిమముగా తయారుచేసినది. కణములు వృద్ధి పొందుటకు ఈ ఆమ్లము ఆవశ్యకము. పక్వము గాని తెల్లకణములు అదుపు తప్పి పెరుగు ల్యుకేమియాలో దానిని అడ్డగించినచో? ఆ బృందము రూపొందించిన అమినోప్టెరిన్‌ను బోస్టనులో సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకిచ్చి చూచెను. పదిమందికి నెమ్మదించినది, కొంతకాలమే యైనను. ఆ ఫలితములు 1948 జూన్‌లో ప్రకటితమైనవి. ఆగస్టులో సుబ్బారావు కన్నుమూసెను. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేటును ఆ వ్యాధి సోకిన పిల్లలకు నేటికిని ఇచ్చుచున్నారు.