దేవలాలి పంతులు గారి పది లక్షలు

ముంబై నుంచి రైల్లో వెళ్తుంటే నాసిక్ రోడ్‌కు ముందు వచ్చే స్టేషన్ దేవలాలి. కంటోన్మెంట్ ఊరు. సైన్యానికి చెందిన ఫిరంగి దళం శిక్షణ కేంద్రం ఇక్కడే. పొడి గాలి ఒంటికి మంచిదని ముంబై వాళ్లు వచ్చి ఉండే శానిటోరియంలకూ ఈ ఊరు పేరుబడింది. అయితే అంకగణితంలో ‘దేవలాలి సంఖ్యలు’ అని ఒక జాతే ఉందంటే, ఆ గొప్పతనం ఒక బడిపంతులిది.

ఆయన దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్. 1905లో దహనులో పుట్టారు. 1930 నుంచి 1962 దాకా దేవలాలిలోనే పాఠాలు చెప్పారు. బీఎస్సీ మించి చదువుకోలేదు, యూనివర్సిటీ పదవి లేదు. 6174 అనే అంకెల వింతతో ఆయన పేరు చాలామందికి తెలుసు. నాకు మాత్రం అంతకన్నా ఇష్టమైనవి ఆయన 1949లో చెప్పిన ఈ దేవలాలి సంఖ్యలే.

ఏదో ఒక సంఖ్య తీసుకుని, దాని అంకెల మొత్తాన్ని దానికే కలపండి. 86కి 14 కలిపితే 100. అంటే 100కి 86 జనకం. 1000కి 977, పదివేలకి 9968, లక్షకి 99959. మరి 20కో? 14 నుంచి 19 వస్తుంది, 15 నుంచి 21 వస్తుంది. 20 ఎక్కడి నుంచీ రాదు. ఇలా జనకం లేని సంఖ్యలే దేవలాలి సంఖ్యలు. ఏ శిల్పీ చెక్కకుండా వెలిసిన దేవుణ్ని స్వయంభువు అంటాం కదా, ఇవీ అలాంటివే.

ఇప్పుడు పది లక్షల సంగతి చూద్దాం. ఆరంకెల సంఖ్యలో అంకెల మొత్తం 54 దాటదు. కాబట్టి జనకం ఉంటే గింటే 999946 కన్నా తక్కువ కాకూడదు. అంటే మొదటి నాలుగూ తొమ్మిదులే. మిగిలిన రెండు స్థానాలే తేల్చాలి. కూడికంతా సర్దితే, పదుల అంకెకు 11 రెట్లు, ఒకట్ల అంకెకు 2 రెట్లు కలిసి 64 రావాలి. పదుల అంకె సరిసంఖ్య కాక తప్పదు. అది 4 అయితే ఒకట్ల స్థానంలో 10 కావాలి, అలాంటి అంకె లేదు. 6 అయితే 66, లెక్క దాటిపోయింది. 4 కన్నా తక్కువైతే ఒకట్ల స్థానంలో ఇంకా పెద్దది కావాలి. పది లక్షలకు జనకం లేదు! కంప్యూటర్ అక్కర్లేదు, పలకా బలపం చాలు. ఒక పెద్ద సంఖ్య స్వభావం ఇంత చిన్న కూడికలో బయటపడటం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది.

కోటికి మళ్లీ జనకం ఉంది: 9999950. అలా ఒక్కో సున్నా చేర్చుకుంటూ పోతే, 1 పక్కన 15 సున్నాల దాకా అన్నిటికీ జనకాలు దొరుకుతాయి. 16 సున్నాలు పెట్టగానే, అంటే వంద కోట్ల కోట్ల దగ్గర, మళ్లీ దొరకదు.

ఈ సంఖ్యల మీద కాప్రేకర్ 1963లో దేవలాలి నుంచే పుస్తకం అచ్చేశారు. బయటి ప్రపంచం దృష్టి ఆయన మీద గట్టిగా పడింది 1975లో, మార్టిన్ గార్డ్‌నర్ సైంటిఫిక్ అమెరికన్‌లో రాశాక. అప్పటికి ఆయనకు డెబ్బై ఏళ్లు.