పూరికప్పుకు వాలే ప్రాణం

ఇంగ్లండులో స్ట్రాట్‌ఫర్డు పట్టణం పక్కన షాటరీ అనే పల్లె ఉంది. షేక్‌స్పియర్ భార్య ఆన్ హాత్‌వే పుట్టింటివారి పూరిల్లు అక్కడ నేటికీ నిలిచి ఉన్నది. అదీ ఒక రైతు ఇల్లే. అందులో పాత భాగం 15వ శతాబ్దం నాటిది.

దాని పునాది రాయి, చట్రం ఓక్ కలప. కర్రల నడుమ తడికలల్లి మట్టి మెత్తారు. కప్పు బాగా వాలుగా ఉండటంచేత వాననీరు గడ్డిమీదుగా జారిపోతుంది, లోపలి గడ్డి తడవదు. వాలు తగ్గితే నీరు ఇంకి గడ్డి కుళ్ళుతుంది. చూరు ముందుకు ఉంటుంది గనుక మట్టిగోడ నానదు.

ఇన్ని వానలకు తట్టుకున్న ఆ ఇల్లు 1969లో నిప్పంటుకొని బాగా దెబ్బతిన్నది. తరువాత బాగుచేశారు. కాబట్టి కప్పు నేయించేటప్పుడు వాలు చూసుకోండి. పొయ్యిని మాత్రం చూరుకు దూరంగా పెట్టుకోండి.