అద్దం కంటే ముందు ఒక ముఖం

ఏడాది నిండిన పాప ముక్కు మీద తనకు తెలియకుండా ఎర్రరంగు పూసి అద్దం ముందు కూర్చోబెడితే, అద్దంలో ఎవరో పాప ఉందనుకుని నవ్వుతుంది, చేత్తో తడుతుంది. ఏడాదిన్నర, రెండేళ్ల మధ్యకు వచ్చేసరికి చాలామంది పిల్లల చెయ్యి అద్దం మీదికి కాక సొంత ముక్కు మీదికి పోతుంది. బ్యూలా ఆమ్‌స్టర్‌డామ్ 1972లో ప్రచురించిన ఈ పరీక్షను ‘అది నేనే’ అన్న ఎరుకకు ఆనవాలుగా ఇప్పటికీ వాడుతున్నారు.

అంతకు రెండేళ్ల ముందు గోర్డన్ గ్యాలప్ చింపాంజీలకు ఇలాంటి పరీక్షే పెట్టాడు. అవీ తమ ముఖం మీది మచ్చను తడుముకున్నాయి. ఆ తర్వాత ఆయన బృందం గమనించిన సంగతి మరీ విలువైనది: తోటివాటి పొత్తు లేకుండా ఒంటరిగా పెరిగిన చింపాంజీలు అద్దంలో తమను పోల్చుకోలేకపోయాయి. అంటే అద్దం ఒక్కటే చాలదు. దానికి ముందే ఇంకేదో జరగాలి.

అదేమిటో పసిబిడ్డకు నీళ్లు పోసే అమ్మమ్మను చూస్తే తెలుస్తుంది. బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని ముఖంలోకి చూస్తూ ఏదో అడుగుతుంది, వాడు ‘ఉంగా’ అనేదాకా ఆగి మళ్లీ మాట్లాడుతుంది. తాను చేసినదానికి ఎదుటి ముఖంలో మార్పు వస్తోందని బిడ్డ అలా కనిపెడతాడు. ‘నేను’ అన్న భావానికి తొలి వేరు అదేనని నా నమ్మకం.

అమెరికా పరిశోధకుడు ఎడ్వర్డ్ ట్రానిక్ 1970లలో ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని కావాలనే కాసేపు ఆపించి చూశాడు. తల్లి మొదట బిడ్డను ఆడిస్తుంది. తర్వాత రెండు మూడు నిమిషాలు ముఖంలో ఏ భావమూ లేకుండా ఊరికే చూస్తుంది. కొద్ది నెలల బిడ్డ నవ్వుతాడు, కేరింతలు కొడతాడు, చేతులు చాస్తాడు. ఎంత పిలిచినా ఆ ముఖం పలకకపోతే చూపు తిప్పుకుంటాడు, ముడుచుకుపోతాడు, కొందరైతే ఏడ్చేస్తారు.

ఇది చదివి తల్లులు బెంగపడకూడదు. మామూలు ఆటలో కూడా తల్లీబిడ్డల భావాలు సరిగ్గా కలిసేది మూడోవంతు సేపేనని, మిగతా సేపంతా తప్పడం, మళ్లీ కలుపుకోవడమేనని ట్రానిక్ లెక్కల్లోనే తేలింది. తెగినది మళ్లీ అతుక్కుంటుందని, అతకడంలో తన వంతూ ఉందని బిడ్డ నేర్చేది ఆ తప్పుల వల్లే. ఆ కలుపుకోవడం రోజుల తరబడి జరగకపోతేనే ప్రమాదం. కాన్పు తర్వాత కుంగుబాటులో ఉన్న తల్లికి వైద్యం, ఇంటివాళ్ల ఆసరా వెంటనే అందాలనేది ఇందుకే. తల్లి పలకలేనప్పుడు నాన్నో నానమ్మో పలికినా బిడ్డకు మేలే.

ఆ పలకడం అన్నిచోట్లా ఒకే తీరుగా ఉండదు. హైడి కెల్లర్ బృందం 2004లో కామెరూన్‌లోని న్సో రైతు కుటుంబాలను, గ్రీసు నగర కుటుంబాలను పోల్చింది. గ్రీసు తల్లులు ఎదురుగా కూర్చుని ముఖాముఖిగా ఆడిస్తారు. వాళ్ల పిల్లలు అద్దంలో తమను ముందుగా గుర్తుపట్టారు. న్సో బిడ్డలు ఎక్కువసేపు ఒంటికి అంటుకునే పెరుగుతారు. చెప్పిన మాట విని తమను తాము అదుపు చేసుకోవడంలో వాళ్లు ముందున్నారు. అద్దం దగ్గర ఆలస్యమైనంత మాత్రాన వాళ్లు వెనకబడ్డట్టు కాదు. ఆ ఇళ్లలో బిడ్డకు ముందుగా అవసరమయ్యేది నలుగురితో కలిసి మెలగడం. వాళ్ల ‘నేను’ మొదట అక్కడే కనబడింది.